నూట అరవై గ్రాములు

పోయినవారం ఆ మొగుడూపెళ్ళాల్ని జనన మరణాల ఆఫీసు మెట్లమీద కూర్చోబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. ఈ వారం రోజులూ మనం తిన్నాం, పడుకున్నాం, పక్కింటివాళ్ళతో కబుర్లాడాం. వాళ్ళు మాత్రం ఇంకా ఆ మెట్లమీదే ఉన్నారు. వాళ్ళ గడియారంలో గడిచింది అర నిమిషం.

మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. అతను కాటాలు బాగుచేసే మేస్త్రి. కూరగాయల కొట్టు కాటా నుంచి మందుల కంపెనీ కాటా దాకా ఆ వీధిలో అన్నీ అతని బల్ల మీదికే వస్తాయి. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది, అందరికీ డ్రైవింగ్ మేడమ్. ఇరవై రోజుల కిందట వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది, ఊపిరి లేకుండా. అలా పుట్టిన బిడ్డల కోసం కూడా ప్రభుత్వం దగ్గర ఒక పుస్తకం ఉంది. నిర్జీవ జననం అని రాసి, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాస్తారు. కాకపోతే ఆ పుస్తకంలోకి ఎక్కాలంటే బిడ్డ కిలో బరువైనా ఉండాలి, కడుపులో ఇరవై ఎనిమిది వారాలైనా నిండి ఉండాలి. లేకపోతే అది గర్భస్రావం. అంటే పుట్టినట్టే కాదు. ఆస్పత్రి కాగితం మీద తొమ్మిది వందల ఇరవై గ్రాములని ఉంది.

పోనీ నెలల లెక్కతో గట్టెక్కుదామంటే, మేడమ్ మొదటి మూడు నెలలూ తనకి కడుపని కూడా గమనించకుండా శిష్యులకి క్లచ్చు నేర్పుతూ గడిపేసింది. అందుకని డాక్టరు వారాల దగ్గర 'సుమారు' అని రాశాడు. అక్కడున్న గుమాస్తా సుమారుల్ని దగ్గరికి రానివ్వడు. తేలని దరఖాస్తు పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకుంటాడు, తేలాక రబ్బరుతో తుడిచేస్తాడు. అందుకే ఆఫీసులో అతన్ని చుక్కల గుమాస్తా అంటారు. పాప దరఖాస్తు పక్కన చుక్క పడి ఇంకా పావుగంట కాలేదు. గడువు ఇరవయ్యొక్క రోజులు. రేపు ఇరవయ్యొకటోది, రేపు ఆఫీసుకి సెలవు. ఇవాళ సాయంత్రం ఐదు దాటిందంటే ఆ పిల్ల ఏ పుస్తకంలోనూ ఉండదు.

"ఆ కాటా నాకు తెలుసు" అన్నాడు మేస్త్రి. అక్కడ ఆపాం కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం.

"తెలియడమంటే?" అంది మేడమ్.

"రెండు నెలల కిందట పురుళ్ళ గది నుంచి నా దగ్గరికే వచ్చింది. నేనే బాగుచేసి పంపాను."

"మంచిదే కదా. బాగుచేసినదే కదా."

"బాగానే చేశాను. కొంచెం ఎక్కువ బాగుచేశాను."

మేడమ్ అతని వైపు తిరిగి కూర్చుంది. శిష్యుడెవడైనా అద్దంలో చూడకుండా పక్కకి తిప్పితే ఆమె ఇలాగే తిరుగుతుంది.

మేస్త్రి తల దించుకుని చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లల్ని తూచే ఆ కాటా మీద అంచులున్న స్టీలు ట్రే ఒకటి ఉంటుంది. దాని బరువు నూట అరవై గ్రాములు. తూచే ప్రతిసారీ బటన్ నొక్కి ట్రే బరువు తీసేయాలి. హడావుడిలో నర్సులు నొక్కడం మర్చిపోయేవాళ్ళు. పాపం వాళ్ళ అవస్థ చూసి ఇతను అడక్కుండానే ఓ ఉపకారం చేసిపెట్టాడు. ట్రే బరువు లోపలే ఎప్పుడూ తీసేసి ఉండేలా బిగించేశాడు. ట్రే ఎత్తితే మైనస్ నూట అరవై అని చూపించాలి కదా. అది చూసి కాటా పాడైందని కంగారు పడతారని, సున్నాకి కిందకి ఏ అంకే కనపడకుండా కూడా చేశాడు.

"అంటే ట్రే ఉన్నా సున్నాయే, లేకపోయినా సున్నాయే" అంది మేడమ్ మెల్లగా.

"ఊఁ. పాపని తూచినప్పుడు ట్రే లేదు. గుడ్డ పరిచి పడుకోబెట్టారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. చూశాను."

"చూసి?"

"చూశాను, అంతే. అప్పుడు ట్రే ఎవరికి గుర్తొస్తుంది? అంకె కూడా నేను చూడలేదు. కాగితాలన్నీ అమ్మ దగ్గరే ఉన్నాయి. ఇందాక గుమాస్తా పైకి చదివాక గానీ నాకు తెలీదు." అతను అరచేతులు రెండూ తెరిచి చూసుకున్నాడు. "ఎత్తుకున్నప్పుడు నా చేతులు కిలో పైనే అన్నాయి. పదిహేనేళ్ళుగా తూకంలో నా చేతులు తప్పింది లేదు. అయినా నమ్మలేదు. ఏడుస్తున్నవాడి చేతులు కదా, బరువు ఎక్కువే తోస్తుందిలే అనుకున్నాను."

మెట్లెక్కేవాళ్ళు వాళ్ళని తప్పుకుని వెళ్తున్నారు.

"అంటే మన పాపని తక్కువ చేసింది మీరన్నమాట" అంది.

"నేనే."

ఆమెకి కోపం వచ్చింది. ఇరవై రోజుల్లో ఏడుపు కాకుండా ఇంకొకటి రావడం అదే మొదలు. ఎవరేమనుకున్నా సరే, ఆ కోపం ఆమెకి మేలే చేసింది. అది ఒంట్లోకి రాగానే ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది.

"మిమ్మల్ని తిట్టడానికి నాకు చాలా టైముంది. పుస్తకానికే లేదు. బండి తీయండి" అంది.

బండి అంటే డ్రైవింగ్ స్కూలు కారు. నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది దానికి. పురుడు అయి నెల కాలేదని అత్తగారు ఆమెని స్టీరింగ్ ముట్టుకోనివ్వడం లేదు గానీ, పక్క సీటులో కూర్చుంటే ఆ బ్రేకు మీద కాలు పెట్టకుండా ఎవరాపగలరు. మేస్త్రి ఒకటి అనుకుని నడిపితే కారు ఇంకొకటి చేసేది.

వెనక సీట్లో అత్తగారు ఉన్నారు, అంటే మేస్త్రి తల్లి. ఒళ్ళో గోధుమరంగు రెక్సిన్ సంచి. జిప్పు పోయి ఏళ్ళయింది, పిన్నీసుతో నడుస్తోంది. తలనొప్పి మాత్ర నుంచి చిన్న టార్చి దాకా ఏది అడిగినా అందులోంచి వస్తుంది. ఇంట్లో అందరికీ అదో నవ్వులాట. పొద్దున్న వస్తానని ఆవిడే బయల్దేరారు, వచ్చినందుకు సణుగుతున్నదీ ఆవిడే.

"మళ్ళీ ఆస్పత్రికెందుకురా? దానికి ఆ గది మళ్ళీ చూపిస్తావా?" అన్నారు.

"పని ఉందమ్మా."

"ఏం పనో. లేనిదాన్ని తెచ్చి పుస్తకంలో రాయిస్తే ఏమొస్తుంది? పుండు మానకుండా గీక్కోవడం కాకపోతే. మర్చిపోవాలమ్మా. మర్చిపోతేనే ఒళ్ళు తేరుకుంటుంది."

ఈ మాట ఆవిడ ఇరవై రోజుల్లో ఎన్నిసార్లన్నారో మేడమ్‌కి నోటికొచ్చేసింది. జవాబు చెప్పకుండా బ్రేకు నొక్కింది. ముందు సైకిలు కూడా లేదు.

మధ్యలో అతని కొట్టు దగ్గర ఆగి, ముద్ర వేసిన ఇత్తడి తూకపురాళ్ళ పెట్టె, ఓ చిన్న కాటా తెచ్చుకున్నాడు.

పురుళ్ళ గది పక్కన, కాటా ఉండే చిన్న గదిలో పెద్ద నర్సు పిల్లల దుప్పట్లు లెక్కపెడుతోంది. లావుగా, గట్టిగా, ఎవరి మాటా పడని మనిషి. మేడమ్‌ని చూడగానే చేతిలో దుప్పటి కింద పెట్టేసింది. మేస్త్రి కాటా మాట ఎత్తేసరికి మొహం మారిపోయింది.

"మా కాటా తప్పంటారా? నెలకి ఎనభై పురుళ్ళు చేస్తాం ఇక్కడ. ఒక్కళ్ళు అనలేదు ఈ మాట."

"కాటా తప్పు కాదు సిస్టర్. మీదీ కాదు. నాదే."

"మీదేంటి?"

"ఒక్కసారి ట్రే తీసి పెడతారా?"

ఆమె విసురుగా ట్రే ఎత్తింది. అద్దంలో సున్నా అలాగే ఉంది. మేస్త్రి పెట్టెలోంచి కిలో రాయి తీసి, వట్టి ప్లేటు మీద నెమ్మదిగా పెట్టాడు. ఎర్రటి అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. ఎనిమిది వందల నలభై.

పెద్ద నర్సు రాయి ఎత్తి, దాని మీది ముద్ర చూసి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. ట్రే వేసి దాంట్లో పెట్టింది. సరిగ్గా కిలో. తీసింది. ఎనిమిది వందల నలభై. ఆమె గోడకి ఆనుకుంది.

"మిగతా పిల్లలు?" అంది ముందు. ఆమె ఆ ప్రశ్న ముందు అడిగినందుకు నాకు ఆమె మీద గౌరవం పెరిగింది.

"ట్రేలో తూచినవాళ్ళందరిదీ సరైన బరువే. ట్రే లేకుండా తూచింది..."

"ఒక్కసారే." ఆమె గొంతు తగ్గింది. "ఆ రోజు మూడో మంచం పురుడు అప్పుడే అయింది. ట్రే కడగడానికి పోయింది. అది వచ్చేదాకా ఆగొచ్చు. మీ పాపని బల్ల మీద అలా ఉంచబుద్ధి కాలేదు నాకు. వట్టి ప్లేటేమో మంచులా ఉంది. అందుకని గుడ్డ పరిచాను." ఆమె మేడమ్‌ని చూసింది. "ఆ పిల్లకి చలేమిటి అంటారేమో. నాకు అలా తోచలేదమ్మా."

మేడమ్ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. కానీ అది రోజూ వచ్చే ఏడుపులా లేదు. తన బిడ్డకి చలేస్తుందని అనుకున్న మనిషి తనతోపాటు ఇంకొకళ్ళు ఈ లోకంలో ఉన్నారని తెలిసిన ఏడుపు.

మేస్త్రి లెక్క చెప్పాడు. కాటా చూపించింది తొమ్మిది వందల ఇరవై. దానికి ట్రేది నూట అరవై కలిపితే వెయ్యీ ఎనభై. అందులోంచి గుడ్డ బరువు తీసేయాలి. గుడ్డ ఎనభై గ్రాములు దాటకపోతే పాప కిలో ఉన్నట్టే.

"ఇక్కడే వచ్చింది చిక్కు" అంది పెద్ద నర్సు. అల్మారాలోంచి రెండు గుడ్డలు తీసింది. ఒకటి పల్చటిది, ఒకటి దళసరి తువ్వాలు. మేస్త్రి తన చిన్న కాటా మీద తూచాడు. పల్చటిది యాభై రెండు. దళసరిది నూట పద్దెనిమిది.

"ఆ రోజు ఏది వేశారు?"

"చేతికి ఏది అందితే అది. గుర్తులేదు. గుర్తున్నట్టు రాసివ్వమంటే మాత్రం రాయలేను. రేపు ఎవరైనా అడిగితే నా మాట నిలబడాలి."

తూచిన ఆ గుడ్డలోనే చుట్టి కదా పాపని ఇచ్చారు అనుకున్నాడు మేస్త్రి. అది పాపతోపాటే మట్టిలోకి పోయి ఉంటుంది. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. ముగ్గురూ రెండు గుడ్డల వంక చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు గుమ్మంలోంచి పిన్నీసు ఊడదీసిన చప్పుడయింది.

కారులోనే ఉంటానన్న అత్తగారు ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. సంచిలో చెయ్యి పెట్టి, మాత్రల డబ్బా, టార్చి పక్కకి నెట్టి, అడుగు నుంచి ఓ ప్లాస్టిక్ కవరు తీశారు. కవర్లో గుడ్డ, ఉతికి నాలుగు మడతలు వేసి ఉంది. మూల మీద ఆస్పత్రి ముద్ర. ముద్ర పక్కన కట్టిన ప్లాస్టిక్ చీటీ మీద మేడమ్ పురుటి నంబరు.

"పిల్లకి నా శాలువా చుట్టాను. ఇది గరుగ్గా ఉంది, ఒళ్ళు ఒరుసుకుంటుందని తీసేశాను" అన్నారు.

మర్చిపోవాలి మర్చిపోవాలి అని రోజుకి పదిసార్లు చెప్పిన మనిషి ఇరవై రోజులుగా దాన్ని ఎక్కడికెళ్తే అక్కడికి మోసుకు తిరుగుతోంది.

"అత్తయ్యా" అంది మేడమ్.

"ఏంటి? ఆస్పత్రి సొమ్ము ఎత్తుకెళ్ళానని కేసు పెడతారా? పెట్టుకోమను." ఆవిడ గుడ్డని కొడుకు చేతికిచ్చి, మొహం అటు తిప్పుకున్నారు. "తూచు ముందు."

గుడ్డ పట్టుకోగానే మేస్త్రి చేతులకి తెలిసిపోయింది. అయినా ఈసారి చేతుల మాట మీద ఆగలేదు. కాటా మీద పెట్టాడు. యాభై రెండు.

పాప బరువు వెయ్యీ ఇరవై ఎనిమిది గ్రాములు.

పెద్ద నర్సు కాగితం తీసి, జరిగింది జరిగినట్టు రాసింది. ఎవరి తప్పూ దాచలేదు, తనది కూడా. డ్యూటీ డాక్టరుని పిలిచి కాటా మీద కిలో రాయి పెట్టి చూపించి, అతని చేత సంతకం పెట్టించి, ముద్ర వేసి తెచ్చింది. కింద ఇంకో సంతకానికి చోటు వదిలింది.

"కాటా మార్చింది మీరని మీరు కూడా రాయాలి. రాస్తే మీ లైసెన్సుకి ఇబ్బంది కదా?"

"ఆరు నెలలు తీసేస్తారు. తర్వాత మళ్ళీ ఇస్తారు" అని మేస్త్రి సంతకం పెట్టేశాడు. ఆ తర్వాత అక్కడే స్క్రూ డ్రైవరు తీసి, కాటాని మళ్ళీ మైనస్ చూపించేలా మార్చి మరీ కదిలాడు. తొందర్లో ఉన్న మేడమ్ గుమ్మంలో నిలబడి గడియారాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది గానీ, వద్దనలేదు.

తిరుగు దారిలో స్టీరింగ్ ముందు మేడమ్ కూర్చుంది. అత్తగారు చూశారు, నోరెత్తలేదు. మేస్త్రి కాళ్ళ దగ్గర ఇప్పుడు బ్రేకు ఉంది. దాన్ని ముట్టుకునే ధైర్యం మాత్రం అతనికి లేదు.

నాలుగూ నలభైకి ఆఫీసులో జనం పల్చబడ్డారు. చుక్కల గుమాస్తా ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, వరస కింద స్కేలు పెట్టుకుని చదివాడు. ఒకసారి చదివి, మళ్ళీ మొదటి వరస కిందకి స్కేలు జరిపాడు. మేడమ్ చేతివేళ్ళు బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి. అతను పక్కన చిత్తు కాగితం మీద కూడాడు, తీసేశాడు, మళ్ళీ కూడాడు.

"వెయ్యీ ఇరవై ఎనిమిది" అన్నాడు.

"అవునండి" అన్నాడు మేస్త్రి.

"మధ్యాహ్నం ఇదే మాట మీరు నోటితో చెప్పుంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. నన్ను తిట్టుకునే ఉంటారు."

"తిట్టుకున్నాం" అంది మేడమ్.

గుమాస్తా తలూపాడు, అది కూడా కాగితంలో ఉన్న విషయమే అన్నట్టు. సొరుగులోంచి రబ్బరు తీశాడు. పాప దరఖాస్తు పక్కన మధ్యాహ్నం పెట్టిన చుక్కని నెమ్మదిగా, ఆనవాలు కూడా మిగలకుండా తుడిచాడు. పెద్ద పుస్తకం తెరిచి, కలం మూత తీసి రాయడం మొదలుపెట్టాడు. తల్లి. తండ్రి. తేదీ. ఆడ శిశువు. బరువు. ఒక గడి దగ్గర ఆగి తల ఎత్తకుండానే అడిగాడు.

"పేరు రాయాలని రూలేం లేదు. ఖాళీగా వదిలేసినా ఫర్వాలేదు."

మేస్త్రి భార్య వైపు చూశాడు. పేరు మాట వాళ్ళిద్దరి మధ్యా ఇంతవరకూ రాలేదు. మేడమ్ కొంచెం ముందుకి వంగి, గుమాస్తాకి మాత్రం వినపడేలా చెప్పింది. ఆ పేరు ఇక్కడ నేను చెప్పను. అది ఆ పుస్తకంలో ఉంది, నల్ల సిరాతో, గుండ్రటి అక్షరాలతో. ఉండవలసిన చోట ఉంది.

"ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు గుమాస్తా. "తల్లి అని ఉన్న చోట."

మేడమ్ ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత సంతకం పెట్టింది. శిష్యులకి లైసెన్సు కాగితాల మీద వందలసార్లు పెట్టిన సంతకమే, ఇంత నిదానంగా ఎప్పుడూ పెట్టలేదు. మేస్త్రి కూడా పెట్టాడు. ఆ తడి ఆరకముందే ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "తిట్టడం మాత్రం బాకీ ఉంది" అంది. అతను నవ్వాడు. ఇరవై రోజుల తర్వాత నవ్వు కదా, సగంలో వంకర పోయింది.

ఐదుకి నాలుగు నిమిషాలుంది. గుమాస్తా సిరా ఆరిందో లేదో చూసుకుని పుస్తకం మూయబోయాడు.

"బాబూ, పాతవి కూడా రాస్తారా?"

అత్తగారు. బల్లకి ఈ చివర, సంచిని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎంత పాతవమ్మా?"

"మా వాడికి ముప్పై ఆరు" అన్నారు, కొడుకు వైపు చూడకుండా. "వాడికి రెండేళ్ళ ముందు."

మేస్త్రి గిరుక్కున తిరిగాడు. "అమ్మా?"

తన తల్లికి తనే మొదటి బిడ్డనని అతను ముప్పై ఆరేళ్ళుగా అనుకుంటున్నాడు. ఎవరూ కాదనలేదు మరి.

"మర్చిపొమ్మన్నారు" అన్నారు ఆవిడ గుమాస్తాతోనే. "మా అత్తగారు, మా అమ్మ, డాక్టరు, అందరూ. నాకు చేతకాలేదు బాబూ. ఈ పిల్లకైనా చేతనవుతుందేమో అనుకున్నాను." కోడలి వైపు గడ్డం చూపించారు. "ఇదీ నాలాంటిదే."

మేడమ్ వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది.

గుమాస్తా గడియారం చూశాడు. ఇరవయ్యొక్క రోజుల గడువున్న పుస్తకాన్ని చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. కుదరదు అన్న మాట అతని నోటి దాకా వచ్చిందని నేను ఒట్టేసి చెప్పగలను. కానీ అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఒక కొత్త దరఖాస్తు కాగితం ముందుకి లాక్కున్నాడు. దాని పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టాడు.

"కూర్చోండమ్మా. తేదీ చెప్పండి."

ఆవిడ ఆలోచించకుండా చెప్పారు. తేదీ, వారం, పొద్దున్న పదకొండు దాటి పది నిమిషాలు.

"కాగితం ఏదైనా ఉందా? బరువు రాసింది గానీ, ఆస్పత్రిది గానీ, ఏదైనా సరే."

అత్తగారు కుర్చీలో కూర్చుని, సంచి ఒళ్ళోకి తీసుకుని, పిన్నీసు ఊడదీశారు.